చేతితో చెక్కిన తుపాకీ కుందా

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు ఒక షరతు పెట్టారు. "యుద్ధం కబుర్లు ఏటా వింటూనే ఉన్నాం సుబేదార్‌గారూ, ఈసారి మీ చేతిపని గురించి చెప్పండి" అన్నారు. నేను సికింద్రాబాద్‌లో ఇ.ఎం.ఇ.లో చేరి ఆర్మరర్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆర్మరర్ అంటే తుపాకుల వైద్యుడన్నమాట. అయితే ఇవాళ నేను చెప్పబోయేది ఇనుము గురించి కాదు, కర్ర గురించి. తుపాకీకి ఉండే చెక్క భాగాన్ని ఇంగ్లీషులో స్టాక్ అంటారు. హిందీలో కుందా, ఈ ఊళ్ళో బెంగాలీలో కుందో. మన పత్రికలవాళ్ళు మడమ అని రాస్తారు గానీ అది వెనక భాగానికే సరిపోతుంది. అందుకని నేను కుందా అనే అంటాను, ఏమీ అనుకోకండి.

తుపాకీకి పేరు గొట్టం వల్ల వస్తుంది. త్రీ నాట్ త్రీ అన్నా, సెవెన్ సిక్స్ టూ అన్నా అవి గొట్టం లోపలి కొలతలే. కానీ కాల్చేవాడి ఒంటికి తుపాకీ ఎక్కడెక్కడ తగులుతుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. భుజం, చెంప, రెండు అరచేతులు. మన కాలంలో ఈ నాలుగు చోట్లా తగిలేది కర్రే. ఆ కర్ర మనిషికి అమరకపోతే గొట్టం ఎంత మంచిదైనా గుండు వెళ్ళాల్సిన చోటికి వెళ్ళదు.

ఈ మాట చెప్పడానికి కలకత్తా కన్నా తగిన ఊరు లేదు. కాశీపూర్‌లో 1801లో గన్ క్యారేజ్ ఏజెన్సీ పెట్టారు. 1802 మార్చి 18న అక్కడ ఉత్పత్తి మొదలైంది. ఏటా మార్చి 18న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల దినోత్సవం జరపడం అందుకే. మొదట్లో అక్కడ జరిగిందేమిటి? ఫిరంగుల బళ్ళు చెయ్యడం, అంటే చాలావరకు వడ్రం పని. ఇక ఇషాపూర్‌లో 1787లో తుపాకిమందు కర్మాగారం పెట్టారు, 1791 నుంచి మందు తయారైంది. అదే స్థలంలో 1904లో రైఫిల్ ఫ్యాక్టరీ వచ్చింది. సియాల్దా నుంచి బారక్‌పూర్, పల్తా దాటగానే వచ్చే స్టేషను. పలకడానికి మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురంలాగే ఉంటుంది కనుక, కొత్తగా పోస్టింగ్ వచ్చిన మన కుర్రవాడెవడైనా ఇంటికి ఫోన్ చేసి ఊరి పేరు చెబితే, వాళ్ళమ్మ "ఇంత దగ్గరేనా నాయనా!" అని సంతోషపడినా ఆశ్చర్యం లేదు.

ఈ ఊరి చరిత్రలో కర్ర కుందాకి సంబంధించిన ఒక ఘట్టం చాలామంది గమనించరు. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్ళను, 46,000 తూటాలను విప్లవకారులు మాయం చేసిన సంగతి బెంగాల్‌లో బడిపిల్లలకి కూడా తెలుసు. ఆ పిస్తోలు ఉండే ఒర చెక్కతో చేసింది. ఆ చెక్క ఒరనే పిస్తోలు పిడికి వెనక తగిలిస్తే భుజానికి ఆనించి కాల్చే చిన్న రైఫిల్ అయిపోతుంది. చేతి పిస్తోలుతో దూరాన ఉన్నవాడిని కొట్టడం కష్టం. భుజాన ఆనితే లెక్క మారుతుంది. ఆ దోపిడీని చూసి తెల్లదొరలు అంతగా ఉలిక్కిపడడానికి ఆ చెక్క ముక్క కూడా ఒక కారణం. మరుసటి ఏడు సెప్టెంబరు 9న బాలాసోర్ దగ్గర బాఘా జతీన్, ఆయన అనుచరులు పోలీసులతో పోరాడింది ఆ మౌజర్లతోనే.

సరే, మన కాలానికి వద్దాం. మనిషికి తగ్గ తుపాకీ చేయించుకోవడం వేటకి వెళ్ళే జమీందార్ల సరదా అనుకుంటాం. వాళ్ళు ఈ ఊళ్ళో మాంటన్‌కో, రొడ్డాకో ఆర్డరు ఇచ్చేవారు, నిజమే. కానీ జవాన్ల త్రీ నాట్ త్రీకి కూడా నాలుగు సైజుల మడమలు ఉండేవని ఇక్కడ ఎంతమందికి గుర్తుంది? నార్మల్, దానికన్నా అర అంగుళం పొడవుది లాంగ్, అర అంగుళం తక్కువది షార్ట్, పూర్తిగా అంగుళం తక్కువది బాంటమ్. చెక్క మీద ఎల్ అనో, ఎస్ అనో, బి అనో ముద్ర ఉండేది. ఒకే అచ్చులో లక్షల తుపాకులు పోసిన సైన్యం కూడా మనుషుల చేతులు ఒకే పొడవు ఉండవని ఒప్పుకుందన్నమాట. జవాను చెప్పుల సైజు చూసినట్టే మడమ సైజు చూడాలి. కోత్‌లో ఎంతమంది చూశారన్నది వేరే సంగతి!

ఎన్.సి.సి.లో చేసినవాళ్ళకి మడమ అనగానే ఇత్తడి రేకు మూత, లోపల నూనె డబ్బీ, ఫుల్‌త్రూ, నాలుగంగుళాలకి రెండంగుళాల చిందీ గుర్తొస్తాయి. అవి ఉండే తొర్ర లోపలే మడమని తుపాకీకి బిగించే పొడుగాటి బోల్టు ఉంటుంది. ఆర్మరర్లకి మొదటి రోజుల్లోనే నేర్పే పాఠం ఒకటుంది. ముందు కర్ర విప్పకుండా ఆ బోల్టు తిప్పకూడదు. ఎందుకంటే దాని కొస నలుచదరంగా ఉండి ముందు కర్రలో ఉన్న ఒక పలకలో కూర్చుని ఉంటుంది. తెలియక తిప్పితే ముందు కర్ర ఫట్‌మని చీలుతుంది. పైకి ఒక్క గీత కూడా కనపడకపోవచ్చు, కానీ తుపాకీ గురి పోయిందంటే పోయిందే.

ఇషాపూర్ తుపాకీని వేరే దేశం తుపాకీ నుంచి గుర్తు పట్టడానికి ఒక కిటుకు చెబుతాను. ముందు కర్రలో, మ్యాగజైనుకు కాస్త ముందు, అడ్డంగా ఒక మర దూర్చి ఉంటుంది. చెక్క నిలువునా చీలకుండా కట్టిన కట్టు అది. విదేశాల్లో పాత తుపాకులు సేకరించేవాళ్ళు ఆ మరని ఇషాపూర్ పేరుతోనే పిలుస్తారు. మన ఎండకి, మన వానకి, మనకి దొరికిన చెక్కకి మనవాళ్ళు కనిపెట్టిన మందు అది. చూపుకి అందంగా ఉండదని కొందరు విమర్శిస్తారు. నాకైతే తాతగారి కళ్ళజోడుకి కట్టిన దారంలా ముద్దుగానే ఉంటుంది.

ఇక చెక్క సంగతి. కుందాకి మొదటి ఎంపిక అక్రోటు చెక్క, అంటే వాల్‌నట్. మన దేశంలో అది కాశ్మీరు నుంచి వస్తుంది. ఘనపు మీటరుకి సుమారు 640 కిలోల బరువు. టేకు కూడా ఇంచుమించు అంతే తూగుతుంది. మరి ఇంటి ద్వారబంధాలకి తరతరాలు నిలిచే టేకు ఇక్కడెందుకు పనికిరాదు? టేకు చెదని ఓర్చుకున్నట్టు దెబ్బని ఓర్చుకోదు, పొర వెంబడి చీలుతుంది. పైగా ఒంట్లో జిడ్డు, జిగురు సరిగా పట్టనివ్వదు. ఉలి పదును కూడా త్వరగా తినేస్తుంది. శీశం గట్టిదే, ఫిరంగి బళ్ళకి వాడినది, కానీ మోసేవాడి భుజం దిగిపోతుంది. మన ఏటికొప్పాక అంకుడు కర్ర, కొండపల్లి తెల్ల పొనికి బొమ్మలకి బంగారం, తుపాకీ తన్నుకి ఆగవు. అక్రోటుకి ఉన్న గుణమేమిటంటే ఉలికి లొంగుతుంది, దెబ్బకి లొంగదు, ఒకసారి ఎండాక వంకర తిరగడం తక్కువ. కాశ్మీరులో ఈ చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలని 1969లోనే చట్టం తెచ్చారు. కాయ కాసే చెట్టు కదా, అది న్యాయమే. అందువల్ల మంచి దుంగ దొరకడం గగనం.

దొరికిన దుంగలో కూడా చేవ చూసుకోవాలి. తెల్లచెక్క తీసెయ్యాలి. నార ఎటు పోతోందో చూడాలి. డ్రిల్లులో మనం స్మాల్ ఆఫ్ ద బట్ అని అరిచేవాళ్ళం కదా, ఆ సన్నటి మెడ దగ్గర నార నిలువుగా సాగిపోవాలి. అక్కడ నార అడ్డంగా కోసుకుపోతే తుపాకీ ఒక్కసారి నేల మీద పడితే చాలు, మెడ పుటుక్కుమంటుంది. అందమైన సుడులున్న చెక్క కావాలంటే ఆ సుడులు వెనక వెడల్పు భాగంలో రానివ్వాలి, మెడలో రానివ్వకూడదు.

ఇది కలకత్తా. ఇక్కడ చెక్క ఊపిరి తీసుకుంటుంది. జనవరిలో చెక్కలో తేమ 11, 12 శాతం ఉంటే, ఆషాఢ శ్రావణాల్లో 16, 17కి పోతుంది. చెక్క పొడవు పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. ఇంట్లో అల్మరా తలుపు వానాకాలంలో బిగుసుకుపోయినట్టే, తుపాకీలో ముందు కర్ర గొట్టాన్ని ఒక పక్కకి నెడుతుంది. జూన్‌లో సరిచేసుకున్న గురి ఆగస్టుకి తప్పుతుంది. కాల్చేవాడు తన చెయ్యి వణికిందనుకుంటాడు, కోచ్ ట్రిగ్గర్ లాగేశావంటాడు. ఎవరూ కర్రని అనుమానించరు.

నేను ఈ పని మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూసినది ఒక అమ్మాయి కోసం. మన సంఘంలోనే ఒక హవల్దారుగారి కూతురు, అప్పటికి పదహారేళ్ళు, నాలుగడుగుల పదకొండు అంగుళాల మనిషి. ఎన్.సి.సి.లో తుపాకీ పట్టుకుని, తర్వాత ఒక క్లబ్బులో పాయింట్ టూ టూ నేర్చుకుంటోంది. ఈ ఊరికి ఆ ఆట కొత్తేమీ కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన దేశం తరఫున తుపాకీ పట్టిన హరిహర్ బెనర్జీ బెంగాల్ మనిషే. 2012 లండన్‌లో జయదీప్ కర్మాకర్ ప్రోన్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. అదే ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. ఆ స్థాయి ఆటగాళ్ళవి జర్మనీ నుంచో మరెక్కడి నుంచో వచ్చే తుపాకులు, అంగుళంలో ముప్పయ్యో వంతు కూడా సర్దుకునేట్టు అల్యూమినియం కుందాలు ఉంటాయి. వాటి ఖరీదు వింటే మన హవల్దారుగారి పెన్షన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

క్లబ్బు తుపాకీ ఆరడుగుల మనిషికి చేసింది. ట్రిగ్గర్ నుంచి మడమ చివరి దాకా పదమూడున్నర అంగుళాలు. అమ్మాయి మోచేయి మడిచి, మడత దగ్గర నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలిస్తే పన్నెండుంపావు. అంగుళంపావు తేడా! ఆ తేడాని పిల్ల మెడ సాచి, నడుము వెనక్కి విరిచి పూడ్చుకుంటోంది. పైగా చెంప ఆనే అంచు పల్లంగా ఉంది. సైటు కన్నం ఎత్తులో ఉంటుంది కనుక తల గాలిలో పెట్టి చూస్తోంది. ఇక గుళ్ళు ఒకచోట ఎలా పడతాయి? "తాతయ్యగారూ, నాకు రాదేమోనండీ, మానేస్తాను" అంది ఒకనాడు. పిల్ల మానేస్తే పోయేదేముందని కొందరు అనొచ్చు. సరిపోని చెప్పులు వేయించి, పరిగెత్తలేదని పిల్లని తప్పుపట్టడం నాకు నచ్చలేదు.

కర్మాగారంలో కర్రపని విభాగంలో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన నాకు పరిచయం. వయసు ఎనభైకి దగ్గర. ఆయన్ని దాదా అనే పిలుస్తాను, పేరు వద్దన్నారు. ఆయన మంచం కింద ఒక అక్రోటు పలక పదిహేనేళ్ళుగా పడుకుని ఉంది. పలక మందం అంగుళానికి ఏడాది చొప్పున ఆరాలన్నది పాతవాళ్ళ లెక్క. రెండున్నర అంగుళాల పలకకి అది ఎప్పుడో దాటిపోయింది. దాదా పలకని గోటితో కొట్టి, శబ్దం విని, "చలేగా" అన్నారు. బెంగాలీ మనిషి నాకోసం హిందీ మాట్లాడారన్నమాట.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఇంటి పెరట్లో చేసే పని కాదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ తయారీకి, అమ్మకానికే కాక మరమ్మతుకి కూడా లైసెన్సు కావాలి. తుపాకీ భాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి. అందుకని క్లబ్బు వారి రాతపూర్వక అనుమతితో, లైసెన్సున్న ఒక దుకాణం పనిశాలలోనే పని జరిగింది. తుపాకీ అక్కడ నుంచి కదలలేదు. క్లబ్బు పాత కుందా మీద రంపం పెట్టలేదు, దాన్ని గుడ్డలో చుట్టి భద్రంగా ఉంచాం. ఎప్పుడంటే అప్పుడు మళ్ళీ బిగించుకోవచ్చు.

పని క్రమం విచిత్రంగా ఉంటుంది. ఎవరైనా ముందు పైరూపం చెక్కుతారనుకుంటారు. కాదు. పలకని నాలుగు పక్కలా చిత్రిక పట్టి, మూలమట్టం పెట్టి, నడుమ గీత గీసి, ముందు ఇనుము కూర్చునే గుంట తవ్వుతారు. పక్కలు చదునుగా ఉన్నంతసేపే కొలత తప్పకుండా ఉంటుంది, గుండ్రం చేశాక ఏ గీతా నమ్మకం కాదు. గుంట తవ్వడమే అసలు విద్య. దీపం మసిని నూనెలో కలిపి ఇనుముకి పల్చగా రాస్తారు. దాదా ఆవనూనెలో కలిపారు, బెంగాలీ కదా మరి! ఇనుముని గుంటలో పెట్టి నొక్కి తీస్తే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ చెక్కకి మసి అంటుతుంది. ఆ మచ్చని మాత్రమే ఉలితో పొట్టులా లేపెయ్యాలి. మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం, మళ్ళీ లేపడం. నేను మొదటి రోజు లెక్కపెట్టాను, అరవై సార్ల తర్వాత వదిలేశాను. చివరికి వచ్చేసరికి మసి అంతటా ఒకేలా అంటుతుంది. ఇనుము గుంటలోకి దిగేటప్పుడు లోపలి గాలి మెల్లగా తప్పుకుంటూ చిన్న నిట్టూర్పులాంటి చప్పుడవుతుంది. ఆ చప్పుడు వినిపించేదాకా దాదా టీ కూడా తాగనివ్వలేదు.

గొట్టం కింద మాత్రం దీనికి తలకిందులు. అక్కడ చెక్క గొట్టానికి తగలకూడదు. ఒక నోటు మడిచి గొట్టానికీ కర్రకీ మధ్య దూర్చితే ఈ చివర నుంచి ఆ చివరకి జారిపోవాలి. త్రీ నాట్ త్రీ పద్ధతి వేరు, దాంట్లో స్ప్రింగు పెట్టి గొట్టాన్ని కావాలనే అదిమి ఉంచేవారు. ఈ తుపాకీకి మేం వదులుగానే ఉంచాం, కలకత్తా వానకి అదే క్షేమం. మరలు దూరే రెండు చోట్లా చిన్న అల్యూమినియం గొట్టపు ముక్కలు పెట్టి ఎపాక్సీతో అతికించాం. చెక్క ఎంత ఉబ్బినా మర బిగువు మారకుండా ఉండడానికి. దాదాకి ఎపాక్సీ అంటే చిన్నచూపు. "చెయ్యి సరిగా రానివాడి మందు" అన్నారు. అయినా పెట్టారు, పెట్టాక బాగుందని మాత్రం ఒప్పుకోలేదు.

తర్వాత రూపం. బాడిసతో మోటుగా, ఆకురాయితో నెమ్మదిగా, గాజుపెంకు అంచుతో సున్నితంగా. అమ్మాయిని వారం వారం పిలిపించి భుజాన పెట్టించి చూసేవారు. కళ్ళు మూసుకుని తుపాకీ ఎత్తి చెంప ఆనించమనేవారు. కళ్ళు తెరిచేసరికి సైటు కన్నం సరిగ్గా కంటి ముందు ఉంటే కర్ర కుదిరినట్టు, వెతుక్కోవాల్సి వస్తే ఇంకా పని ఉన్నట్టు. చెంప దగ్గర అంచు మూడు నూళ్ళు ఎత్తు చేశారు. మడమని నడుమ గీత నుంచి ఒక నూలు కుడికి వంచారు, దాన్ని కాస్ట్ ఆఫ్ అంటారు. కుడిభుజం వాడికి ముఖం పక్కకి వాల్చకుండా గురి చూసే వీలు ఇస్తుంది. నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, మన వడ్రంగులందరికీ తెలిసిన కొలత. దాదా దాన్ని షుతో అంటున్నారు. షుతో అంటే బెంగాలీలో దారం. మన నూలూ దారమే కదా! ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. పూర్వం ఏ తాపీవాడో, ఏ వడ్రంగో ఈ గోదావరి నుంచి ఆ గంగ దాకా ఒకే దారంతో కొలిచాడేమో, భాషాశాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పాలి.

పట్టు జారకుండా మెడ మీద గళ్ళు చెక్కుతారు, చెకరింగ్ అంటారు. అంగుళానికి ఇరవై గీతలు. హాక్‌సా బ్లేడు ముక్కని అరగదీసి దాదా సొంతంగా చేసుకున్న పనిముట్టుతో ఒక్కొక్క గీతా గీశారు. డైమండ్ ఆకారంలో గళ్ళు రావాలి, వెడల్పుకి మూడు రెట్లు పొడవు. ఒక్క గీత పక్కకి పోతే పక్కన ఉన్నవన్నీ దాని వెంట పోతాయి. ఆయన చేతులు మామూలుగా టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. ఆ పనిముట్టు పట్టుకున్న నాలుగు రోజులూ వణకలేదు. ఎలాగని అడిగితే, చెయ్యి కదిపేది వేళ్ళతో కాదు, మోచేతిని బల్లకి ఆనించి భుజంతో అని చూపించారు.

చివరన నూనె. తడిగుడ్డతో తుడిస్తే చెక్క నూగు లేస్తుంది, ఆరాక ఆ నూగు తీసెయ్యాలి, రెండు మూడు సార్లు. తర్వాత అవిసె నూనె. అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలి. మొదటి వారం రోజుకోసారి, తర్వాత నెల వారానికోసారి, తర్వాత ఏడాది నెలకోసారి అన్నది పాత లెక్క. శ్రావణంలో ఈ ఊళ్ళో నూనె ఆరదు, అందుకే దాదా పూత పనంతా దుర్గాపూజ తర్వాతకి పెట్టుకున్నారు. నూనె తేమని పూర్తిగా ఆపదు. ముఖ్యంగా మడమ రేకు కింద నార కొసలు తెరుచుకుని ఉంటాయి, అక్కడ నుంచే నీరు తాగుతుంది. ఆ కొసలకి, లోపలి గుంటకి వార్నిష్ పట్టించాలి. కనపడని చోటు కదా అని చాలామంది వదిలేస్తారు. ఇంకొకటి, ఇంట్లో కుర్చీలకి అవిసె నూనె రాసే ఆడపడుచులు కూడా వినండి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళలో ముంచి, పరిచి ఆరేసి పారెయ్యాలి.

మొత్తం అయిదు నెలలు పట్టింది. యాభై మీటర్లలో అమ్మాయి గుళ్ళు పడే వలయం సగానికి తగ్గింది. అంతకన్నా నాకు ముఖ్యమైంది ఏమిటంటే, జనవరిలో పెట్టిన గురి ఆగస్టులో దాదాపు అక్కడే ఉంది. కర్ర పనితనం గురించి పెద్దగా మురిసిపోయే వయసు కాదు తనది. మొదటిసారి ఎత్తి పట్టుకుని "కొంచెం బరువుగా ఉందండీ" అంది. దాదా వెంటనే తీసుకుని, మడమ లోపల ఇంకో రంధ్రం తొలిచి చెక్క తగ్గించి ఇచ్చారు.

ఇక మన ఎదుట ఉన్న సమస్య. ఇన్సాస్ 1990లలో ప్లాస్టిక్ ఒంటితో వచ్చింది, ఆ నారింజ గోధుమ రంగు మీకు గుర్తే. దానికి ముందు ఎస్.ఎల్.ఆర్., దాని మడమ లోపల రిటర్న్ స్ప్రింగు గొట్టం వెళ్ళడానికి నిలువునా తొలిచేవారు, అదొక గొప్ప పని. ఇప్పుడు అమేఠీ దగ్గర కోర్వాలో చేస్తున్న ఎ.కె. 203 మడమ జవాను తనకి తానే ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు, మడిచేసుకోవచ్చు. నాలుగు సైజుల ముద్రలు చేసిన పని ఒక్క మీట చేస్తోంది. దీనికి నేను ఏడవను. మంచులో, బురదలో, సముద్రపు ఉప్పులో ఉండే కుర్రవాడికి ఉబ్బని, చీలని మడమ కావాలి, కర్ర మీద మమకారంతో వాడి ప్రాణం మీదకి తేకూడదు. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దయి ఏడు కంపెనీలయ్యాక, ఇషాపూర్, కాశీపూర్ రెండూ కాన్పూర్ కేంద్రంగా ఉన్న కంపెనీ కిందికి వెళ్ళాయి. లాభనష్టాలు చూసుకునే రోజుల్లో ఎవరూ ఒక కుందాకి అయిదు నెలలు ఇవ్వరు, ఇవ్వమనడం కూడా తప్పే.

కానీ క్లబ్బుల్లో పాత తుపాకులున్నాయి. మధ్యతరగతి పిల్లలు నేర్చుకునేది వాటితోనే. లైసెన్సు తుపాకులున్న ఇళ్ళున్నాయి. మెస్సుల్లో, రెజిమెంట్ మ్యూజియాల్లో చీలిన కుందాలు ఇత్తడి తీగతో కట్టి ఉన్నాయి. వాటికి ప్లాస్టిక్ అచ్చు ఎవరూ పొయ్యరు. ఎవరో ఒకరు మసి రాసి, నొక్కి, లేపాల్సిందే. ఆ చెయ్యి ఉన్నవాళ్ళు నాకు తెలిసినంతలో ఈ చుట్టుపక్కల వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది, అందరూ డెబ్బై దాటినవాళ్ళే. దాదా కొడుకు సాల్ట్‌లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. "వాడికి ఈ పని రాకపోవడం నాకు బాధ కాదు, వాడు బాగానే ఉన్నాడు. కానీ ఉలులన్నీ పాత సామాన్లవాడికి వెయ్యాల్సి వస్తుందేమో, అదొక్కటే" అన్నారు.

మన సభలో రిటైరైన ఆర్మరర్లున్నారు, ఫ్యాక్టరీల నుంచి వచ్చినవారున్నారు, ఊళ్ళో వడ్రం పని చూస్తూ పెరిగినవారున్నారు. దాదా మంచం కింద ఇంకా రెండు పలకలున్నాయి. దుకాణం యజమాని తన పనిశాలలో ఆదివారం ఉదయం పదింటి నుంచి ఒంటిగంట దాకా, తుపాకీలు లేకుండా ఉత్త చెక్కతో, ఇనుప దిమ్మతో గుంట తవ్వడం నేర్చుకోవడానికి చోటిస్తానన్నాడు. ఉలులు దాదావి. ఇప్పటికి ముగ్గురు పేర్లిచ్చారు, అందులో ఒకరు మన సంఘం కోశాధికారిగారి కోడలు. ఇంకో ఇద్దరికి బల్ల దగ్గర చోటుంది. రావాలనుకున్నవాళ్ళు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, పెరుగు వడ్డించే బల్ల పక్కనే ఉంటాను. సెలవు.